గంజి పట్టిన ఐదు నట్లు

ఇంజను విప్పేవాడికి ఉన్న గౌరవం చక్రం విప్పేవాడికి లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటాను. బానెట్ ఎత్తితే చాలు, నలుగురూ తలలు దూరుస్తారు. చక్రం విప్పమంటే మొహం ముడుచుకుంటారు. అదీ ఒక విద్యేనా అంటారు. విద్యే. ఎంత విద్యో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

షోలాపూర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు మోటార్లు బాగుచేశాను. ఎవరి దగ్గర ఎన్నాళ్ళున్నాను, సొంత షెడ్డు ఎప్పుడు వేసుకున్నాను అనే ముచ్చట్లు రాయను. అవి విని విని మా ఇంటావిడకే విసుగొచ్చింది. పంతొమ్మిది వందల యాభైల్లో, నేను పనికి కొత్తగా ఉన్నప్పుడు, ఒక కారు ఎడమ వెనుక చక్రం నట్లు పట్టేశాయి. వాటివల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడబోయింది. తప్పు ఆయనది కాదు, నాది. ఆ సంగతి చెబుతూ నట్లు విప్పే పద్ధతి కూడా చెబుతాను. పద్ధతి ఒక్కటే కావాలనుకునేవాళ్ళు కూడా మొత్తం చదవండి. పద్ధతి తెలిసి బుద్ధి లేనివాడు ఏం చేస్తాడో అందులోనే ఉంది.

మగ్గం దిగి

మాది దాజీ పేట్. మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేసుకున్నాడు. మా నాయనది చేతిమగ్గం, నాది పక్క కార్ఖానాలో పవర్‌లూమ్. నేత నాకు బాగానే వచ్చు, మనసే పెట్టలేకపోయేవాణ్ణి. మగ్గం ఆగిపోతే మిగతావాళ్ళు తల పట్టుకునేవారు. నేను మాత్రం లోపల సంతోషపడి పానా అందుకునేవాణ్ణి. ఇరవై రెండో ఏట మగ్గం దిగి, మా వీధి చివర దత్తోబా ఉస్తాద్ మోటారు షెడ్డులో చేరాను. మా నాయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆ నూనె అంగీతోని మగ్గం కాడికి రాకు, బట్ట ఖరాబైతది" అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు. కానీ పని చెడి తిరిగొస్తే మళ్ళీ మగ్గం ఎక్కాల్సిందేనని ఇంట్లో అందరికీ తెలుసు, నాకు మరీ తెలుసు.

దత్తోబా మరాఠీ మనిషి. మా పేటలో బతికి బతికి తెలుగు పట్టుకున్నాడు గానీ మాటలో సగం మరాఠీయే. పనిలో ఆయనంతటివాడు ఊళ్ళో లేడని ఇప్పుడూ అంటాను. మనిషి మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఒక మాట అనేశాడంటే ఇక వెనక్కి తీసుకోడు. ఈ గుణం వల్ల ఆ రోజు ఎంత పని జరగబోయిందో ముందుకు తెలుస్తుంది.

గోరు పెట్టి చూడు

నా మొదటి తప్పు అందరూ చేసేదే. ఆ రోజుల్లో వచ్చిన అమెరికా కార్లలో కొన్నింటికి ఎడమ పక్క చక్రాల నట్లకు ఎడమ మర ఉండేది. మామూలు నట్టు ఏ వైపు తిప్పితే వదులవుతుందో, ఇది ఆ వైపు తిప్పితే బిగుస్తుంది. బండి ముందుకు ఉరుకుతుంటే నట్టు తనంతట తాను వదులు కాకూడదని అలా చేసేవారట. నాకు ఆ సంగతి తెలియదు. నట్టు రావడం లేదని పానాకు ఇనుప పైపు తొడిగి దాని మీదికెక్కి నిలబడ్డాను. ఫట్‌మని స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, విరిగి నేను నేల మీద పడ్డాను.

"అరే వేడ్యా, పిచ్చోడా!" అని దత్తోబా వీధంతా వినేలా అరిచాడు. "డావీ పక్కది ఉల్టా తిరుగుతది. స్టడ్డు కొనకు అక్షరం కొట్టి ఉంటది, కనబడలే?"

"నాకు ఇంగ్లీషు రాదు ఉస్తాద్."

"అక్షరం రాకపోతే పాయె, వేలు లేదా?"

నా చేయి పట్టుకుని, నట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన మర మీద నా బొటనవేలి గోరు పెట్టి జరిపాడు. గోరు ఎటు జారిందో అప్పుడు తెలిసింది. నూలుకు కూడా కుడి పురి, ఎడమ పురి ఉంటాయి. నేతవాడి ఇంట్లో పుట్టినవాడు కళ్ళు మూసుకుని వేళ్ళతో చెబుతాడు. ఇనుముకు కూడా పురి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, అంతే. మీరు ఏ బండి ముందు కూర్చున్నా ముందు గోరు పెట్టండి, తరువాత పానా పెట్టండి.

నా సొంత తెలివి

రెండో తప్పు అందరూ చేసేది కాదు. అది మా పేటవాళ్ళు మాత్రమే చేయగలిగింది.

పవర్‌లూమ్ నడుస్తుంటే కింద నేల అదురుతుంది. ఆ అదురుకు మగ్గం బోల్టులు వారానికోసారి వదులవుతాయి. అందుకు మా దగ్గర ఒక ఉపాయం ఉండేది. చింతగింజల గంజిలో ముంచిన నూలుపోగును బోల్టు మరలో చుట్టి, దాని మీద నట్టు బిగించేవాళ్ళం. గంజి ఆరాక నట్టు మళ్ళీ కదిలేది కాదు. కార్ఖానాల్లో అందరూ చేసేదే ఇది, ఎవరు కనిపెట్టారో తెలియదు.

నేను షెడ్డులో చేరి ఏడాది కావస్తుండగా, ఎండాకాలం చివర, ఖాసీం భాయ్ కారు తెచ్చాడు. ఆయన మా పేటలో చాదర్ల కార్ఖానా ఉన్న మాలక్ దగ్గర డ్రైవరు. నడివయసు మనిషి, తక్కువ మాట, కారును రోజుకు మూడుసార్లు తుడిచేవాడు. ఎడమ వెనుక చక్రం చూపించి, "నర్సయ్యా, ఈ పక్క నట్లు మాటిమాటికి ఢీలా అయితున్నయి. జర మంచిగ బిగియ్యి" అన్నాడు.

ఉస్తాద్ భోజనానికి వెళ్ళాడు. నట్లు ఎందుకు వదులవుతున్నాయో చూడాలి. నట్లు కూర్చునే చక్రం గుంతలు అరిగాయా, స్టడ్డు మర పాడైందా అని వెతకాలి. లేదా ఉస్తాద్ వచ్చేదాకా ఆగాలి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు చక్రం దొరికింది. ఇంటికి ఉరికి గంజి నూలు తెచ్చి ఐదు స్టడ్లకూ చుట్టి, నట్లు బిగించి పంపించాను. ఎవరికీ చెప్పలేదు. ఏడాదిపాటు ఆ నట్లు కదలకపోతే అప్పుడు చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను.

ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు చెబుతాను. మగ్గం ఉన్నచోటే ఉంటుంది, చక్రం మనుషుల్ని మోస్తూ పరుగెడుతుంది. అక్కడ ఇనుము ఇనుమును పట్టుకోవాలి. మరలో నూలు ఇరికితే పానాకు గట్టిగానే తగులుతుంది, కానీ చక్రం నిజంగా బిగిసిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ చక్రం దారిలో ఊడిపోయి ఉంటే నలుగురి ప్రాణాలు పోయేవి. అప్పుడు నేను ఈ రాతలు రాసేవాణ్ణి కాదు.

చక్రం ఊడలేదు. వానాకాలం నాలుగు నెలలూ నీళ్ళు తాగి నూలు ఉబ్బింది, దాని చుట్టూ తుప్పు పట్టింది, దసరా ఎండలకు అంతా కలిసి గట్టిపడింది.

ఖాసీం భాయ్ మీద నింద

దసరా వెళ్ళిన వారానికి మాలక్ తన తల్లిని తుల్జాపూర్ అమ్మవారి మొక్కుకు తీసుకుపోతుంటే దారిలో ఆ చక్రమే పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. ఒక్క నట్టూ కదలలేదు. ఖాసీం భాయ్ పానా మీద ఎగిరి దూకాడు. ఒక నట్టు మూలలు అరిగి గుండ్రమైంది. డెబ్బై దాటిన ముసలమ్మ పొద్దు వాలేదాకా ఎండలో కూర్చుని, చివరికి ఎడ్లబండిలో మొక్కు తీరకుండానే ఇంటికి చేరింది.

మర్నాడు పొద్దున ఎడ్లతో కారును మా షెడ్డుకు లాగించారు. వెనకాలే మాలక్, ఆయన వెనక ఖాసీం భాయ్.

"ఎడమ దిక్కు నట్లు ఉల్టా తిరుగుతయని ఈయనకు యాద్ లేదు దత్తోబా. ఇడవమంటే ఇంకింత బిగిచ్చిండు" అన్నాడు మాలక్. "మా అవ్వకు నిన్నటి సంది జరం. మొక్కు గూడ తప్పె."

"ఆరేండ్ల సంది ఇదే బండి నడుపుతున్న మాలక్. ఉల్టా మర అని నాకు తెల్వదా? సహీ తిప్పిన, ఖుదా కసమ్."

"సహీ తిప్పితే ఎందుకు రాలే?"

దత్తోబా వంగి, మూలలు పోయిన నట్టును వేలితో తడిమి, "గలత్ దిక్కుకే తిప్పిండు" అని తీర్పు చెప్పేశాడు.

"అయిపాయె. బండి బాగైనంక తాళం నాకియ్యి. నేను వేరే డ్రైవర్‌ను చూస్కుంట" అని మాలక్ కార్ఖానాకు వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నా పేరు ఎత్తకపోయినా చేతిలో పానాను వెనక్కి దాచుకున్నాను. ఆ నట్లలో ఏముందో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. చెబితే ఉస్తాద్ తరిమేస్తాడు, మళ్ళీ మగ్గమే గతి. చెప్పకపోతే ఖాసీం భాయ్ రోడ్డున పడతాడు. నేను చెప్పలేదు. ఆ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నోరు మూసుకుని ఉస్తాద్ చేతికి సామాన్లు అందించాను. నా పనిబతుకులో నేను సిగ్గుపడే పూట అదొక్కటే.

కిరసనాయిలు పనిచేయనప్పుడు

పట్టేసిన నట్టును ఎలా విప్పాలో దత్తోబా ఆ పూట చేసిందే చెబుతాను, ఎందుకంటే అంతకన్న మంచి పద్ధతి నేను తరువాత కూడా చూడలేదు. బండిని ముందే జాకీ మీద లేపకూడదు. చక్రం నేలకు ఆని ఉంటేనే అది తిరగకుండా ఉంటుంది. బయటికి కనిపించే మరను తీగ బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయాలి. కిరసనాయిలు పోసి నాననివ్వాలి. తొందర పనికిరాదు. నట్టు ప్రతి ముఖం మీద సుత్తితో మెల్లగా తట్టాలి, కొట్టకూడదు. తరువాత విప్పే వైపు కాక, ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి కదిలించాలి. తుప్పు పగిలిన చప్పుడు వినబడ్డాక విప్పాలి.

ఇవన్నీ ఆయన చేశాడు. రెండుసార్లు చేశాడు. నట్లు కదల్లేదు. కదలవు. కిరసనాయిలుకు తుప్పు లొంగుతుంది గానీ గంజి లొంగదు.

మధ్యాహ్నానికి ఉస్తాద్ విసిగిపోయి ఛెన్నీ, అంటే ఇనుము కోసే ఉలి, తీశాడు. నట్లను నిలువునా చీల్చేస్తానన్నాడు. చీలుస్తే స్టడ్ల మరలు దెబ్బతింటాయి. ఆ కారు స్టడ్లు బొంబాయి నుంచి రావాలి, ఎన్నాళ్ళకు వస్తాయో తెలియదు. ఇంకో సంగతి కూడా నాకు తట్టింది. నట్టును చీల్చి పారేస్తే అందులోని నూలు కూడా నలిగి తుప్పులో కలిసిపోతుంది. ఇక ఖాసీం భాయ్ తప్పు చేయలేదని చూపడానికి ఏమీ మిగలదు.

ఖాసీం భాయ్ షెడ్డు గడప మీదే కూర్చుని ఉన్నాడు. ఇంటికి పోలేదు, పోయి ఏమని చెబుతాడు? టిఫిన్ డబ్బా మూత తీశాడు, లోపలికి చూశాడు, మళ్ళీ మూసేశాడు. అది నేను చూడలేకపోయాను.

"ఉస్తాద్, ఛెన్నీ ఆపుండ్రి" అన్నాను. "వేడినీళ్ళు గావాలె."

"వేడినీళ్ళా? నట్టుకు చహా తాగిస్తవా?"

"దాంట్ల గంజి నూలున్నది. నేనే చుట్టిన. ఎండకాలంల, మీరు బువ్వకు పోయినప్పుడు."

దత్తోబా ఛెన్నీ కింద పెట్టాడు. ఖాసీం భాయ్ గడప మీద నుంచి లేచి నిలబడ్డాడు. తిడితే బాగుండు అనిపించింది.

"ముందు నట్టు విప్పు" అన్నాడు చివరికి దత్తోబా. "నీ సంగతి నంతర్ బఘూ, ఎనక చూద్దాం."

అనసూయత్త బకెట్

షెడ్డు పక్కిల్లు అనసూయత్తది. ఆమె పడుగు నూలుకు గంజి కాచేది. పొయ్యి మీద పెద్ద గుండిగలో నీళ్ళు తెర్లుతున్నాయి. నేను బకెట్ పట్టుకుని పోయి గుండిగలో ముంచబోయాను.

"ఓ నర్సిగా! గంజికి పెట్టిన నీళ్ళురా అవి. కారుకు తానం పోస్తవా ఏంది?"

"ఒక్క బకెట్ అత్తా. ఒకాయన నౌకరీ ఉన్నది దీంట్ల."

ఆమె ఇంకేమీ అడగకుండా తానే ముంచి పోసింది. కడవంత గరిటె చేత్తో పట్టుకుని చూడడానికి వెంట వచ్చింది కూడా.

నట్టు నట్టుకూ గుడ్డపీలిక చుట్టి, గరిటెతో వేడినీళ్ళు పోస్తూ కూర్చున్నాను. చల్లారితే మళ్ళీ పోయడం. ఏడెనిమిది విడతలు పోశాక చక్రం దగ్గర చింతగింజల గంజి వాసన లేచింది. "ఇది మనింటి వాసనేరా!" అని అనసూయత్త ముక్కు మీద వేలు వేసుకుంది. దత్తోబా కూడా వంగి వాసన చూశాడు. అప్పుడు కిరసనాయిలు పోసి, తట్టి, పానా వేశాను. బిగించే వైపు వెంట్రుకవాసి, తరువాత విప్పే వైపు. కిర్రుమంది. మొదటి నట్టు తిరిగింది.

నాలుగు అలా వచ్చాయి. ఐదోది మూలలు అరిగిన నట్టు, పానా దాని మీద నిలవడం లేదు. ఆకురాయితో ఎదురెదురు ముఖాలు రెండింటిని చదునుగా రాశాను. దానికన్న కాస్త చిన్న పానాను సుత్తితో కొట్టి బిగుతుగా ఎక్కించాను. మెల్లగా లాగాను. వచ్చింది. ఐదు స్టడ్లలో ఒక్కటీ విరగలేదు, ఒక్క మరా చెడలేదు. చేసిన తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పును అంత శుభ్రంగా విప్పినవాణ్ణి కూడా నేనే, ఆ గొప్ప నేను వదులుకోను.

నట్ల లోపలి నుంచి నల్లగా జిగటగా నూలు బయటికొచ్చింది. దత్తోబా దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"మాలక్‌కు నువ్వే చెప్పాలె. మీ నాహీ యేణార్, నేను రాను." ఖాసీం భాయ్ వైపు తిరిగి, "పొద్దుగాల నేను అన్నది గలత్" అన్నాడు. ఆ మనిషి మాట వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి చూశాను.

కార్ఖానాలో మగ్గాల మోత మధ్య మాలక్ ముందు చేయి చాపాను. ఆయన కూడా ఒకప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడే. నూలును రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నా మొహం చూశాడు.

"మగ్గానికి చుట్టినట్టు చుట్టినవా?"

"చుట్టిన మాలక్. ఖాసీం భాయ్ తప్పేం లేదు. ఆయన సహీనే తిప్పిండు."

"మా అవ్వ పానం మీదికి తెచ్చినవ్ గదరా! చక్రమూడితే ఏమైతుండె?" అని కార్ఖానా అంతా వినేలా అరిచాడు. అరవనీ, అది నాకు రావలసిందే. అరిచి అరిచి అలసి, చెప్పులేసుకుని నాతో పాటు షెడ్డుకు నడిచి వచ్చాడు. తప్పయిందనే మాట మాలకుల నోట రాదు. "ఖాసీం, అవ్వకు జరం తగ్గినంక తుల్జాపూర్ పోదాం. బండి తియ్యాలె" అన్నాడు.

"తీస్త మాలక్" అన్నాడు ఖాసీం భాయ్. "గని నర్సయ్య గూడ రావాలె. ఆయన బిగిచ్చిన చక్రం మీద ఆయన గూడ కూసోవాలె."

తుల్జాపూర్ దారి

ఉస్తాద్ నన్ను తరిమెయ్యలేదు. వారం తరువాత బయలుదేరాం. స్టడ్లన్నీ కడిగి తుడిచి, అరిగిన నట్టు బదులు మంచిది వేసి, ఒకటి విడిచి ఒకటిగా నట్లు బిగించాను. మరలో ఇనుము తప్ప మరేమీ లేదు. ముందు సీట్లో ఖాసీం భాయ్ పక్కన కూర్చున్నాను. ఆయన కొన్ని మైళ్ళకోసారి బండి ఆపేవాడు. నేను దిగి ఐదు నట్లూ పానాతో చూసేవాణ్ణి. ఆయన నా వెనకే నిలబడి చూసేవాడు.

వెనకాల ముసలమ్మకు విసుగొచ్చింది. "ఏంద్రా, చక్రాలకు గూడ మొక్కున్నదా? మాటిమాటికి దండం పెడుతున్నరు?" అంది. మాలక్ నవ్వాడు. ఖాసీం భాయ్ నవ్వలేదు.

ఘాట్ ఎక్కేటప్పుడు నాకు చక్రం చప్పుడు తప్ప ఏదీ వినబడలేదు. ఎక్కింది, దిగింది, క్షేమంగా చేరాం. తల్లీకొడుకులు గుడి మెట్లు దిగి లోపలికి వెళ్ళారు. మేమిద్దరం బండి దగ్గర మిగిలాం. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క.

కాసేపటికి బార్శీ వైపు నుంచి వచ్చిన ఒక కారు డ్రైవరు మా దగ్గరికి వచ్చాడు. అతని చక్రం నట్టు పట్టేసిందట. ఖాసీం భాయ్‌ని, "పెద్ద పానా ఉన్నదా భాయ్?" అని అడిగాడు.

"పానా ఎందుకు?" అన్నాడు ఖాసీం భాయ్. తల తిప్పకుండానే చేయి నా వైపు చాపాడు. "మా మిస్త్రీ వచ్చిండు. ఆయన్ని తీస్కపో."

పని వచ్చినవాణ్ణే మా దగ్గర మిస్త్రీ అంటారు. నేను అతని వెంట వెళ్ళాను. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా ఊరంతా నన్ను మిస్త్రీ అనే పిలిచింది. మొదట పిలిచింది మాత్రం, నా చేతివల్ల ఉద్యోగం పోగొట్టుకోబోయిన ఖాసీం భాయ్.